రేకు మీద గోటి చప్పుడు

ఆరిన్ టాకెట్ షెడ్డుకి బండి తెచ్చినవాళ్లు బానెట్ ఎత్తి చూపించనక్కర్లేదని సాండీ బెండ్ ఊళ్లో అనుకునేవాళ్లు. బండి నది రోడ్డు దిగి, గులకరాళ్ల మీద మలుపు తిరిగి షెడ్డు ముందు ఆగేలోపే ఆరిన్ లోపలినుంచి కేకేసేవాడు. "మూడో సిలిండరు. పొగ వదిలే వాల్వు. రాకర్ వదులైంది, ఆపెయ్ ఇంక!" ఒక ఆదివారం చర్చిలో పాస్టరు నరకం గురించి మంచి ఊపులో ఉండగా బయట ఏదో కారు వెళ్లింది. ఆరిన్ భార్య వైపు వంగి, "హోబర్ట్ కారుకి నీళ్ల పంపు పోతోంది" అన్నాడు. మంగళవారానికి హోబర్ట్ కారు వంతెన మీద ఆవిర్లు కక్కుకుంటూ ఆగిపోయింది. ఆ కథ ఊళ్లో చాలాకాలం తిరిగింది. తిరిగినకొద్దీ హోబర్ట్ కారు వంతెన మీంచి జరిగి నది మధ్యలోకి వెళ్లింది కూడా.

ఆ చెవులే అతనికి అన్నం పెట్టాయి. పందొమ్మిదో ఏట ఊళ్లోని రీబోరింగ్ షాపులో చేరాడు. ముప్ఫైనాలుగేళ్లు అక్కడే ఇంజను దిమ్మలు తొలిచాడు, క్రాంకులు సాన పట్టాడు. చెవుల్లో దూది పెట్టుకునేవాణ్ని చూసి తక్కినవాళ్లు నవ్వే రోజులవి. ఆరిన్ కూడా నవ్వినవాడే. షాపు మూతపడ్డాక ఇంటి వెనక రేకుల షెడ్డు వేసుకుని సొంతంగా పని మొదలుపెట్టాడు. అరవయ్యో ఏట పడేసరికి పాత షాపు తన బాకీ వసూలు చేసుకోవడం మొదలెట్టింది.

ముందు పోయినవి సన్నటి చప్పుళ్లు. ఒకరోజు మలుపు తిరిగాక సిగ్నల్ లైటు ఆపడం మర్చిపోయి ఐదు మైళ్లు నడిపాడు. వెనక వచ్చినవాడు పక్కకొచ్చి చేత్తో చూపిస్తేగాని తెలియలేదు. అది టక్ టక్‌మంటూనే ఉండి ఉంటుంది కదా అనుకున్నాడు. ఆ ఆలోచన నచ్చక, లైటు పాడైందనుకున్నాడు. నది మీద బొగ్గు బార్జీల్ని తోసే పడవల కూత బాగానే వినిపించేది. మగవాళ్ల మాటలు వినిపించేవి. పిట్టలే ఊరొదిలి ఎటో పోయినట్టు అనిపించేది.

పనిలో మాత్రం ఎవరికీ దొరక్కుండా నెట్టుకొచ్చాడు. బండి తెచ్చినవాణ్ని, "ఎలా అంటోంది? నువ్వే నోటితో చేసి చూపించు" అనేవాడు. పెద్ద పెద్ద రైతులు కూడా షెడ్డులో నిలబడి చిన్నపిల్లల్లా టిక్‌టిక్‌లూ కట్‌కట్‌లూ చేసి చూపించేవాళ్లు. అతను వాళ్ల పెదాల వంక, మొహం వంక చూసి విషయం పట్టేవాడు. పొడుగాటి స్క్రూడ్రైవరు కొస ఇంజను మీద ఆనించి, పిడి చెవి వెనక ఎముకకి నొక్కిపెట్టి అదురు చూసేవాడు. తక్కినదంతా వేళ్లు చూసుకునేవి. అతని వేళ్లు ఇంకా అబద్ధం చెప్పడం నేర్చుకోలేదు.

భార్య ఆర్డిత్‌కి కూడా ఈ సంగతి తెలియదనే అతని ధీమా.

ఆర్డిత్ ఇరవయ్యేడేళ్లు ఊరి టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో కూర్చున్న మనిషి. చెవికి హెడ్‌సెట్ తగిలించుకుని తీగలు మారుస్తూ, అవతల మనిషి నోరు విప్పకముందే ఊపిరిని బట్టి ఎవరో చెప్పేది. ఎవరింట్లో జ్వరమో, ఎవరింట్లో పోట్లాటో, ఎవరు ఎవరికి ఎందుకు ఫోన్ చేస్తున్నారో ఆమెకి తెలియనిది లేదు. ఆ కడుపులో పడ్డ మాట ఒక్కటీ బయటికి రాలేదు. అంత మనిషికి ఇంట్లో మొగుడి చెవులు మందగించిన సంగతి తెలియదనుకోవడం ఆరిన్ అమాయకత్వం.

అది పందొమ్మిదివందల ఎనభైయారు, ఏప్రిల్ నెల. డాగ్‌వుడ్ చెట్లు పూసి ఉన్నాయి. ఒక మధ్యాహ్నం రోజలీ ప్రేటర్ తన మొగుడి పాత పికప్ నడుపుకుంటూ వచ్చి షెడ్డు ముందు ఆపింది. ఆమె స్కూలు బస్సు నడుపుతుంది. యాభై దగ్గర పడుతున్న మనిషి, పొడగరి, మాట తక్కువ. మొగుడు వర్లిన్ నది మీద బార్జీల్ని తోసే టోబోటులో పనిచేసేవాడు. ఊపిరితిత్తులు పాడై, అంతకుముందు శరదృతువులో పోయాడు. పక్క సీట్లోంచి ఒక పొడుగాటి అట్టపెట్టె తీసి, రెండు చేతులా పట్టుకుని లోపలికొచ్చింది.

"ఇది బిగించాలి ఆరిన్ గారూ."

"ఏంటమ్మా అది? చంటిపిల్లని తెచ్చినట్టు తెచ్చావు?"

"వర్లిన్ క్యామ్‌షాఫ్ట్. కేటలాగు చూసి తెప్పించుకున్నాడు. రెండేళ్లుగా మా ఫ్రిజ్ మీదే ఉంది. ఈ వారం, వచ్చే వారం అంటూనే ఉన్నాడు. ఆ తర్వాత వారాలు అయిపోయాయి."

ఆరిన్ పెట్టె తెరిచి నూనె కాగితం విప్పాడు. నల్లటి కడ్డీ, దాని పొడుగునా కోడిగుడ్డు ఆకారంలో గుబ్బలు. ఒక గుబ్బ మీద బొటనవేలు పోనిచ్చి, పైకొచ్చాక ఆగాడు.

"బాగా ఎత్తుంది. బండిలో ఉన్నదానికంటే వాల్వుల్ని ఎక్కువ తెరుస్తుంది ఇది. బండి ఆపి స్లోలో ఉంచితే ఇంజను ఊగుతుందమ్మా. నున్నగా ఉండదు."

"ఊగాలి," అంది రోజలీ. "ఆస్పత్రిలో పడుకుని నాకు చేసి చూపించేవాడు. ఇలా..." పెదాలు బిగించి, గొంతు తగ్గించి, "లొబ్... లొబ్‌లొబ్... లొబ్..." అంది. అని సిగ్గుపడి నవ్వింది. "గాలి మాస్కు తీసి మరీ చేసేవాడు. నర్సులు తిట్టేవాళ్లు. జూన్ మొదటి శనివారం వాళ్ల బోటువాళ్లంతా ఒడ్డున కలుస్తారు. ఆ చప్పుడుతో అక్కడికి వెళ్లాలి నేను. ఒక్కసారి వెళ్తే చాలు."

ఆరిన్ పెట్టె మూసి, "పెట్టి వెళ్లమ్మా" అన్నాడు.

పని నాలుగు రోజులు పట్టింది. రేడియేటరు దించి, ముందు కవరు ఊడదీసి, పాత క్యామ్ లాగి కొత్తది ఎక్కించాడు. గుబ్బలు అరక్కుండా నల్లటి పేస్టు పట్టించాడు. కొత్త ట్యాపెట్లు వేశాడు. గుబ్బ ట్యాపెట్‌ని లేపుతుంది, ట్యాపెట్ పుష్ రాడ్‌ని తోస్తుంది, రాడ్ రాకర్‌ని ఎత్తుతుంది, రాకర్ రెండో కొస వాల్వుని కిందికి నొక్కుతుంది. ఈ వరసలో ఎక్కడ వెంట్రుకవాసి సందు ఎక్కువైనా చప్పుడు చేస్తుంది. ఆరిన్ ఒక్కో పుష్ రాడ్‌నీ రెండు వేళ్ల మధ్య తిప్పుతూ, అది బిగుసుకోబోయే క్షణం దగ్గర నట్టు ఆపాడు. ఆ పనికి చెవులక్కర్లేదు.

ఐదో రోజు రోజలీని పిలిపించాడు. కొత్త క్యామ్ వేశాక మొదటి ఇరవై నిమిషాలు ఇంజన్ని గట్టిగా తిప్పాలి, లేకపోతే గుబ్బా ట్యాపెట్టూ ఒకదానికొకటి అలవాటు పడక నూరుకుపోతాయి. షెడ్డంతా దద్దరిల్లింది. రోజలీ చేతులు కట్టుకుని ఓ మూల నిలబడింది. ఇరవై నిమిషాలయ్యాక ఆరిన్ నెమ్మదిగా స్లోకి దించాడు. ఇంజను ఒక్కసారి తడబడి, సర్దుకుని, ఊగడం మొదలెట్టింది. గుర్రం నిలబడ్డచోటే కాలు మార్చి కాలు వేస్తున్నట్టు. లొబ్... లొబ్‌లొబ్... లొబ్. ఆ బరువైన చప్పుడు ఆరిన్‌కి చక్కగా వినిపించింది. అరికాళ్లలోంచి కూడా తెలిసింది. రోజలీ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

అంతలో ఆమె తల కొద్దిగా పక్కకి తిరిగింది. కనుబొమలు ముడిపడ్డాయి.

"ఆ టిక్ టిక్ ఏంటండీ?"

ఆరిన్‌కి ఏ టిక్కూ వినిపించలేదు. కానీ ఆమె మొహం చూశాడు. ఇన్నాళ్ల అలవాటు నోట్లోంచి దానంతటదే వచ్చేసింది. "కొత్త క్యామ్ కదా తల్లీ. నాలుగు రోజులు మాట్లాడుతుంది, తర్వాత అదే ఊరుకుంటుంది."

ఆరిన్ టాకెట్ అన్నాక ఇంక తిరుగేముంది? రోజలీ బండి తీసుకెళ్లింది.

నాలుగో రోజు మళ్లీ వచ్చింది. ఈసారి ఆమె మొహం వాడిపోయి ఉంది. బస్సు గ్యారేజీలో మెకానిక్ విని, గుబ్బ అరుగుతున్నట్టుందని, ఆ ఇనుప పొడి నూనెలో కలిసి ఇంజనంతా తినేస్తుందని, ఇంకో మైలు కూడా నడపొద్దని చెప్పాడట.

"నేను వాడి మాట పట్టుకుని రాలేదండీ," అంది. "మీరు బాగుందంటే బాగున్నట్టే. కాకపోతే మూడు రాత్రులుగా నిద్ర లేదు. వర్లిన్ వస్తువు నా చేతుల్లో పాడైపోతోందేమో అని. ఇంకొక్కసారి వినండి. మీరు వింటే చాలు నాకు."

ఆ 'మీరు వింటే చాలు' అన్న మాట ఆరిన్‌కి ముల్లులా దిగింది. "చూస్తానమ్మా" అన్నాడు, ఆమె వైపు చూడకుండా. ఆర్డిత్ ఆమెని ఇంటిదగ్గర దింపి వచ్చింది.

మర్నాడు పొద్దున్నే ఆయిల్ ఫిల్టరు విప్పి, డబ్బా కోసి, లోపలి కాగితం మడతలు ఎండలో పరిచాడు. గుబ్బ అరిగితే ఆ మడతల్లో సన్నటి రవ్వలు మెరుస్తాయి. భూతద్దం పెట్టి చూశాడు. నల్లటి పేస్టు మరకలు తప్ప ఏమీ లేవు. ఇంజను పైనున్న వాల్వ్ కవర్లు రెండూ విప్పి బల్ల మీద పెట్టాడు. పదహారు రాకర్లూ మళ్లీ మొదట్నుంచి బిగించాడు. వాల్వు తలల మీద సిరా పూసి, ఇంజను చేత్తో తిప్పి, రాకర్ ఎక్కడ రాసుకుంటోందో చూశాడు. గీత సరిగ్గా మధ్యలో పడింది. స్ప్రింగులు చూశాడు. గుబ్బలు ఎంతెత్తు లేస్తున్నాయో ఒక్కొక్కటీ కొలిచాడు. తేడా లేదు. అన్నీ బాగున్నాయి. కవర్లు మూసి స్టార్ట్ చేశాడు.

అక్కడికొచ్చి ఆగిపోయాడు. చప్పుడు ఇంకా ఉందో లేదో తెలియనివాడు ఏం బాగుచేస్తాడు? స్క్రూడ్రైవరు చెవి వెనక ఆనించాడు. కొత్త క్యామ్ ఊపుకి ఇంజనంతా అదురుతుంటే ఆ అదురులో ఇంకేదీ విడిగా తెలియలేదు. చీకట్లో సూదిలో దారం ఎక్కిస్తున్నట్టు ఉంది. మళ్లీ ఆపి, కవర్లు విప్పి, మళ్లీ బిగించి, మళ్లీ స్టార్ట్ చేశాడు. అలా మధ్యాహ్నం దాకా మూడుసార్లు.

ఆర్డిత్ చిక్కుడుగింజల పులుసు గిన్నె, మొక్కజొన్న రొట్టె పట్టుకుని షెడ్డులోకి వచ్చింది. ఇంజను ఊగుతూనే ఉంది. గిన్నె బల్ల మీద పెట్టి, కొంచెంసేపు అతని పక్కన నిలబడింది.

"ఇంకా కొడుతోంది కదా," అంది.

"ఆ... కొడుతోంది," అన్నాడు ఆరిన్.

ఆమె ఇంజను వైపు వంగి వింది. "ఇదిగో, ఇప్పుడు ఆగింది."

ఆరిన్ తల పక్కకి వంచాడు, విన్నట్టే. "అవును. ఇప్పుడు ఆగింది."

"ఆగలేదు ఆరిన్," అంది ఆర్డిత్ మెల్లిగా. "ఒక్క క్షణం కూడా ఆగలేదు."

చెయ్యి చాపి తాళం చెవి తిప్పి ఆమే ఇంజను ఆపింది. ఆరిన్ గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. తుడిచిన వేళ్లే మళ్లీ తుడిచాడు.

"నన్ను పరీక్ష పెట్టావు."

"పెట్టాను."

"ఎన్నాళ్ల నుంచి తెలుసు?"

"నాలుగేళ్లు."

"నాలుగేళ్లా!" అతనికి కోపమే వచ్చింది ముందు. "నాలుగేళ్లు తెలిసి, నోరు మూసుకుని కూర్చున్నావా?"

"ఇరవయ్యేడేళ్లు జీతం తీసుకుని చేసిన పనే కదా అది." ఆర్డిత్ బోర్లించిన డబ్బా ఒకటి లాక్కుని కూర్చుంది. "నువ్వే చెప్తావనుకున్నాను. ఏడాది చూశాను. రెండేళ్లు చూశాను. ఆ తర్వాత, నువ్వు చెప్పనిది నేను అడిగితే నీకు అవమానంగా ఉంటుందేమో అనిపించింది. నిన్న ఆ పిల్ల మొహం చూశాక ఇంక ఊరుకోబుద్ధి కాలేదు."

ఆరిన్ బానెట్ అంచు పట్టుకుని నిలబడ్డాడు. "చెవులు లేని ఆరిన్ టాకెట్‌తో ఎవడికేం పని ఆర్డిత్? చేతులున్నవాళ్లు ఊరికి పదిమంది ఉన్నారు."

"నాకుంది పని. ముందు ఆ పులుసు తాగు, చల్లారిపోతోంది." అతను తాగుతుంటే చూసి, మళ్లీ అంది, "దాన్ని వినేవి ఉన్నాయి కదా ఇక్కడ రెండు. ఊరందరి గుసగుసలూ విన్న చెవులు. నీ ఇంజను ఏం గొణుగుతోందో వాటికి వినపడదా? నాకో హెడ్‌సెట్ ఇయ్యి."

ఆరిన్ నవ్వకుండా ఉండలేకపోయాడు. అలమరలోంచి గజం పొడుగు రబ్బరు గొట్టం తీసి, ఒక కొస తుడిచి ఆమె చేతికిచ్చాడు. "ఇది చెవిలో పెట్టుకో. రెండో కొస నేను చూపించిన చోట ఆనించు. ఫ్యానుకి దూరంగా ఉండు. జుట్టు కట్టుకో."

"జుట్టెక్కడ మిగిలింది?"

ఇంజను మళ్లీ స్టార్ట్ చేశాడు. ఆర్డిత్ గొట్టం చెవిలో పెట్టుకుని కళ్లు మూసుకుంది. ఎక్స్‌ఛేంజిలో ఆమె అలాగే కూర్చునేదని ఆరిన్‌కి గుర్తొచ్చింది. పెళ్లికి ముందు, ఏదో వంకతో అక్కడికి వెళ్లి కిటికీలోంచి చూసేవాడు. ఇప్పుడు ఆమె మొహం ఇంజను నూనె మీద వంగి ఉంది. పెదాలు కొద్దిగా కదులుతున్నాయి, లెక్కపెడుతున్నట్టు.

కింద నూనె తొట్టి దగ్గర ఆనించింది. తల అడ్డంగా ఊపింది. ముందు కవరు మీద ఆనించింది. ఊహూ. కుడివైపు వాల్వ్ కవరు. ఊహూ. ఎడమవైపు కవరు మీద పెట్టి, వెనక్కి జరుపుతూ వెళ్లి, డ్రైవరు కాళ్ల ముందుండే ఇనుప గోడ దగ్గర ఠక్కున ఆగింది. చెయ్యెత్తింది.

"ఇక్కడ! ఇదే గొంతు."

"ఎలా ఉంది? ఇనుము మీద ఇనుము కొట్టినట్టా? సుత్తి దెబ్బలా?"

"కాదు కాదు. అంత బరువు లేదు. పల్చగా ఉంది." ఆమె వెతుక్కుంది. "బిస్కట్ల డబ్బా ఉంటుంది చూడు, దాని మూత మీద గోటితో కొడితే ఎలా ఉంటుందో అలా. రేకు."

"రేకా? రేకు ఎక్కడిది అక్కడ?"

"నాకేం తెలుసు? మాట్లాడుతున్నది ఎవరో చెప్పాను. వాళ్లెవరింట్లో ఉన్నారో నువ్వు చూసుకో."

ఆరిన్ ఇంజను ఆపి ఎడమవైపు కవరు విప్పాడు. ఆ చోటున్న రాకర్ కదిపి చూశాడు. బిగువు సరిగ్గా ఉంది. దాని పక్కదీ సరిగ్గానే ఉంది. సరే, నడుస్తుండగా చూద్దామని మూలనున్న పాత కవరు తెచ్చాడు. దాని నెత్తి అంతా ఎప్పుడో కోసేశాడు. అంచులు మాత్రమే మిగిలి, గిన్నెకి అడుగు లేనట్టుంటుంది. అది పెడితే నూనె బయటికి చిమ్మకుండా, రాకర్లు ఆడటం పైనుంచి చూడొచ్చు. అది బిగించి స్టార్ట్ చేశాడు. రాకర్లు వరసగా పియానో మెట్లలా లేచి పడుతున్నాయి.

"ఇప్పుడు చెప్పు. ఏది?"

ఆర్డిత్ గొట్టం అటూ ఇటూ జరిపింది. కళ్లు తెరిచింది. "ఏదీ లేదు."

"ఏదీ లేకపోవడమేంటి? సరిగ్గా విను."

"ఆరిన్ టాకెట్, నాకు వినడం నేర్పకు. లేదంటే లేదు. లైను ఖాళీ."

ఆరిన్ కోసిన కవరు వైపు చూశాడు. బల్ల మీద బోర్లా పడి ఉన్న అసలు కవరు వైపు చూశాడు. ఇంజను ఆపి, కోసిన కవరు తీసి, అసలుది బిగించి, స్టార్ట్ చేశాడు.

"వచ్చింది," అంది ఆర్డిత్. "గోరు."

మళ్లీ ఆపాడు. మళ్లీ కోసిన కవరు.

"పోయింది."

ఆరిన్ అసలు కవరు చేతిలోకి తీసుకుని, షెడ్డు గుమ్మం దాకా నడిచి, వెలుతురులో మొదటిసారి వెల్లకిలా తిప్పాడు. లోపల నూనె పైకి ఎగిరిపోకుండా అడ్డంగా అతికించిన పల్చటి రేకు పట్టీ ఒకటి ఉంది. దాని అంచు మీద, వెనక మూల, నల్లటి నూనె జిడ్డు మధ్య కందిబద్దంత మెరుపు. కొత్త క్యామ్ రాకర్లని పాతదానికంటే ఎక్కువ ఎత్తుతోంది. అక్కడున్న రాకర్ లేచినప్పుడల్లా ఆ అంచుని ఒక గీరు గీరి దిగుతోంది. అంతే. క్యామ్‌కి ఏమీ కాలేదు. ట్యాపెట్లకి ఏమీ కాలేదు. పొద్దుట్నుంచి ఎన్నిసార్లు ఆ కవరు విప్పాడో అన్నిసార్లూ తీసుకెళ్లి బోర్లా పెట్టింది తనే.

అతను నవ్వడం మొదలెట్టాడు. ఆర్డిత్ దగ్గరికొచ్చి ఆ మెరుపు మీద వేలు పెట్టి చూసింది.

"ఇంతేనా? ఇంత చిన్నదానికా ఆ పిల్ల మూడు రాత్రులు నిద్రపోనిది?"

అతని నవ్వు ఆగిపోయింది. "దీనిక్కాదు," అన్నాడు. "నేను విన్నానని అబద్ధం చెప్పినందుకు."

పటకారుతో ఆ అంచు కొంచెం వెనక్కి వంచాడు. కవరు కాస్త పైకి లేచేలా కింద మందంగా ఉండే గ్యాస్కెట్ వేసి బిగించాడు. అరగంట పని. ఆర్డిత్ గొట్టంతో ఇంజను చుట్టూ తిరిగి, ప్రతిచోటా ఆనించి విని, అతని వైపు తిరిగి రెండు చేతులూ ఖాళీగా చూపించింది.

సాయంత్రం స్కూలు బస్సు వదిలి రోజలీ నడుచుకుంటూ వచ్చింది. ఆరిన్ ఆమెని కూర్చోమన్నాడు. కవరు సంగతి చెప్పి, రేకు పట్టీ ఎక్కడుంటుందో బండి మీది కవరు పైన వేలు పెట్టి చూపించాడు. ఆమె ఊపిరి పీల్చుకుంది. అక్కడితో ఆపేస్తే ఆపెయ్యొచ్చు. ఆర్డిత్ గుమ్మంలో నిలబడి ఉంది.

"ఇంకోటి చెప్పాలమ్మా," అన్నాడు ఆరిన్. "ఆ రోజు నువ్వు అడిగినప్పుడు నాకు ఆ చప్పుడు వినపళ్లేదు. ఇప్పుడూ వినపడదు. సన్నటివి నాకు వినపడటం మానేసి చాలా కాలమైంది. వినకుండానే నీకు ధైర్యం చెప్పాను. కనిపెట్టింది ఆర్డిత్."

రోజలీ లేచింది. "అప్పుడే చెప్పాల్సిందండీ," అంది. గొంతులో కోపం ఉంది, దాచుకోలేదు. "నేను మిమ్మల్ని నమ్మి పిచ్చిదాన్నయ్యాను మూడు రోజులు. బండెక్కడానికి భయం. దిగడానికి భయం."

"నిజమేనమ్మా."

ఆమె పికప్ బానెట్ మీద చెయ్యి పెట్టి నిలబడింది. "వర్లిన్‌కి చివరి ఏడాది రుచీ వాసనా తెలిసేవి కావు. ఆయనా నాకు చెప్పలేదు. నేను వండిందల్లా అమోఘం అంటూ తిన్నాడు. ఒకసారి కూరలో ఉప్పుకి బదులు పంచదార వేశాను, అదీ అమోఘమే! అప్పుడు పట్టుకున్నాను." ఆమె మొహంలో మెదిలింది నవ్వో ఏడుపో తెలియలేదు. "ఏం మనుషులండీ మీరు! చెప్తే మేమేం చేస్తాం, వదిలేస్తామా?"

"అదే అడుగు తల్లీ, గట్టిగా అడుగు," అంది ఆర్డిత్ గుమ్మంలోంచి.

రోజలీ సీటెక్కి తాళం తిప్పింది. ఇంజను తడబడి, సర్దుకుని, ఊగింది. ఆమె స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టి, తల వంచి వింది. ఏ టిక్కూ లేదు. వర్లిన్ గాలి మాస్కు తీసి చేసి చూపించిన చప్పుడు అది. ఇంకేం కలవలేదు అందులో. కాసేపయ్యాక కిటికీలోంచి తల బయటపెట్టి, "ఆర్డిత్ గారూ, ఎక్కండి. నది దాకా వెళ్లొద్దాం. మీరూ వినాలి, దారిలో ఎలా ఉంటుందో" అంది.

"ఈ ఏప్రాన్‌తోనేనా?"

"ఏప్రాన్‌తోనే!"

ఇద్దరాడవాళ్లూ వెళ్లిపోయారు. ఆరిన్ గులకరాళ్ల మీద నిలబడి, ఆ ఊగే చప్పుడు నది రోడ్డు ఎక్కి, వంతెన దాటి, మలుపులో కలిసిపోయేదాకా విన్నాడు. అంతా వినిపించింది అతనికి.

జూన్ మొదటి శనివారం బోటువాళ్లు ఆ పికప్ చుట్టూ టోపీలు తీసి నిలబడ్డారట. రోజలీ బానెట్ ఎత్తి అరగంట స్లోలో ఉంచిందట. ఆమే వచ్చి చెప్పింది.

ఊళ్లో సంగతి పాకింది. ఆరిన్ దాచమని ఎవరికీ చెప్పలేదు, దాచడం అతనికే విసుగొచ్చింది. కొందరు రావడం మానేశారు. ఎక్కువమంది వచ్చారు. పొద్దున పదింటినుంచి పన్నెండింటిదాకా ఆర్డిత్ షెడ్డులో కూర్చునేది, మెడలో రబ్బరు గొట్టం వేసుకుని, ఒళ్లో అల్లిక పెట్టుకుని. బండి తెచ్చినవాళ్లు ముందు ఆమెకే టోపీ ఎత్తేవాళ్లు. "చెంచా గిన్నెకి తగిలినట్టుంది", "ముసలమ్మ ఆవలించినట్టుంది" అని ఆమె చెప్పేది. ఏ ముసలమ్మ ఎక్కడ ఆవలిస్తుందో ఆరిన్ కనిపెట్టేవాడు. పట్నం వెళ్లి చెవి మిషను కూడా పెట్టించుకున్నాడు. షెడ్డులో దాంతో గోల భరించలేక తీసేసేవాడు. ఇంట్లో మాత్రం పెట్టుకునేవాడు, ఆర్డిత్ ఊరుకోదు కనక. అలా ఇంకో తొమ్మిదేళ్లు పనిచేశారు.

కానీ మిషను రాకముందు, ఆ ఏప్రిల్లోనే, ఒక సాయంకాలం ఇద్దరూ వరండాలో కూర్చున్నారు. ఆర్డిత్ బఠాణీలు వొలుస్తోంది. ఆరిన్ ఉన్నట్టుండి అడిగాడు.

"ఇంకా ఏమేం పోయాయి నాకు?"

ఆమెకి వెంటనే అర్థమైంది. చేతిలో పని ఆపకుండా ఆలోచించింది.

"వాన మొదలయ్యేటప్పుడు ఆకుల మీద చినుకులు. గట్టిపడ్డాక నీకు వినిపిస్తుందనుకో. బైబిలు కాగితాలు తిప్పేది. చలికాలం నదిలో మంచు పలకలు ఒకదానికొకటి రాసుకునేది." ఇంకో కాయ విప్పింది. "నేను కోపంగా ఉన్నప్పుడు గొణిగేది."

"అది పోతే పోయిందిలే."

"అందుకే నాలుగేళ్లుగా ఇంట్లో ఇంత శాంతి."

అతను నవ్వాడు. తర్వాత, "ఇప్పుడేం వినిపిస్తోంది?" అన్నాడు.

"ఇప్పుడా?" ఆర్డిత్ గిన్నె పక్కన పెట్టింది. కళ్లు మూసుకుంది. "ఒక రెన్ పిట్ట ఉంది, కట్టెల మోపు మీద. ఇంతే ఉంటుంది, అరుపు మాత్రం పెద్దక్కలా ఉంటుంది. ముందు మూడుసార్లు గబగబా అడుగుతుంది. తర్వాత దానికదే జవాబు చెప్పుకుంటుంది. ఆగు... ఇదిగో, అడిగింది."

ఆరిన్ కట్టెల మోపు వైపు చూశాడు. గోధుమరంగు పిట్ట ఒకటి తోక నిక్కబొడుచుకుని, ముక్కు తెరిచి, ఒళ్లంతా అదిరేలా పాడుతోంది.

"జవాబు చెప్పిందా?" అన్నాడు.

"ఇంకా లేదు. ఆలోచిస్తోంది."

ఇద్దరూ దానికోసం ఎదురుచూస్తూ కూర్చున్నారు.